కాళ్ళకు తగ్గ పలక

ఆ అక్కచెల్లెళ్ళలో చిన్నదాన్ని ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ బుడంకాయ అనేవారు. పుట్టినప్పుడు రెండు అరచేతుల్లో సరిపోయిందని తండ్రి పెట్టిన పేరు. ముప్పై దాటినా, కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీయడంలో మంచి పనిమంతురాలు అనిపించుకున్నా ఆ పేరు ఆమెను వదల్లేదు, ఎత్తూ పెరగలేదు. పెద్దది నిలువెత్తు మనిషి. ఎలక్ట్రీషియన్. నిచ్చెన పైమెట్టు మీద రెండు చేతులూ వదిలేసి నిలబడి, పళ్ళ మధ్య స్క్రూ పట్టుకుని, కిందవాళ్ళతో తగువు పెట్టుకోగల ఘటికురాలు. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఊరి బయట కేబుల్ చెరువు దగ్గరే ఉండేది.

ఆ చెరువు చుట్టూ స్తంభాలు, వాటి మీదుగా తిరిగే ఇనుప తాడు. దానికి వేలాడే పిడి పట్టుకుంటే మనిషిని నీళ్ళ మీద లాక్కుపోతుంది. అక్క తొక్కేది వేక్‌స్కేట్. మిగతా బోర్డులకు ఉన్నట్టు పాదాలను బిగించే బూట్లు దానికి ఉండవు. ఉత్త పలక, పైన గరుకు పొర, అంతే. మామూలు బూట్లతో ఎక్కి నిలబడాలి. కాళ్ళకు కట్టేస్తే అది పలకెలా అవుతుంది, సంకెల అవుతుంది గాని, అనేది అక్క. చెల్లెలు ఒడ్డున కూర్చుని చూసేది. ఆమెకు నీళ్ళ మీద మోజేమీ లేదు, అక్క మీదే.

ఒక వానాకాలంలో అక్క రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకింది. ఆసుపత్రిలో రోజుల తరబడి ఎక్కించిన మందు ప్రాణం నిలబెట్టింది కాని, మనిషిని తిన్నగా నిలబెట్టేదేదో చెవుల లోపల ఉంటుందట, దాన్ని మాడ్చేసింది. రెండు చెవుల్లోనూ. వినికిడి పోలేదు, నిలకడ పోయింది. నాలుగు అడుగులు వేస్తే కళ్ళముందు వీధి ఎగిరెగిరి పడేది. చీకట్లో గోడ పట్టుకోకపోతే మనిషి ఒరిగిపోయేది. నిచ్చెన పని పోయి, అదే కంపెనీలో ఫోన్లు ఎత్తే కుర్చీ దక్కింది. నీళ్ళ సంగతి అడిగితే డాక్టరమ్మ నసగకుండా చెప్పింది: మునిగావంటే పైన ఏదో కింద ఏదో నీ ఒంటికి తెలియదు, పైకి ఈదుతున్నాననుకుంటూ అడుగుకు ఈదుతావు.

అక్క ఏడవలేదు. ఇంటికి వచ్చి, ఇంకా బతికే ఉన్నానుగా అని అన్నం తింది. చాలాకాలం తర్వాత ఒక పొద్దున గోడ మీది పలకను దింపి చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

"ఇది ఊరికే ఎండిపోతోందే. నువ్వు తొక్కు."

బుడంకాయకు నీళ్ళంటే భయం. ఈత వచ్చు గాని ధైర్యం రాదు. అయినా ఆసుపత్రి నుంచి వచ్చాక అక్క నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది.

ఆ ఆదివారం ఇద్దరూ చెరువుకు వెళ్ళారు. కదిలే నీళ్ళను చూస్తే అక్కకు నేల కూడా కదిలినట్టయ్యేది. అందుకని కుర్చీని చెరువుకు వీపు చేసి వేసుకుని, పార్కింగు వైపు చూస్తూ కూర్చుంది. చెవులు మాత్రం నీళ్ళ మీదే. గట్టు అంచున కూర్చుని, పలకను పాదాలకు ఆనించుకుని, తాడు లాగగానే లేవాలని చెల్లెలికి చెప్పింది. తాడు లాగింది. పలక ఒక దారిన పోయింది, బుడంకాయ ఇంకో దారిన పోయింది. చప్పుడు విని, మోకాళ్ళు వంచలేదు నువ్వు, అంది అక్క, వెనక్కి తిరగకుండానే.

ఆ రోజూ, ఆ తర్వాతి ఆదివారాలూ అదే తంతు. పలక అంచులు ఆమె పాదాలకు అందేవి కావు. ఒక పక్కకు వాల్చుదామంటే వాలేది కాదు. వాలిందా, ఇక ఆగేది కాదు. ఎక్కినప్పుడల్లా గరుకు పొర మోకాళ్ళు గీరేది. ఒళ్ళంతా కమిలిపోయి, సోమవారం దుకాణంలో కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వచ్చేది. ఒడ్డున కూర్చుని ఈత నేర్పడమంటే ఏమిటో ఆమెకు బాగా తెలిసొచ్చింది. కాని ఆ ఒక్కపూటా అక్క గొంతులో పాత కరుకుదనం వినిపించేది. అది వినడానికే మళ్ళీ మళ్ళీ పడేది.

చివరికి కేబుల్ నడిపే ఆయన చూడలేక ఆమెను పక్కకు పిలిచాడు. తప్పు మీది కాదమ్మా, అది మీ అక్కగారి ఒడ్డూ పొడుగుకు తగ్గది, మీరు దాని మీద నిలబడితే తలుపు మీద పిచ్చుక వాలినట్టుంది, అన్నాడు. ఆ మాట అక్కతో చెప్పడానికి ఆమె రెండు వారాలు నీళ్ళు నమిలింది. చెప్పాక, అనుకున్నంతా అయింది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పెద్ద పలకే నిలకడ అని అక్క వాదించింది. మనసు పెట్టడం లేదంది. చిన్నప్పటి నుంచీ ఏదీ చివరిదాకా చేయని బాపతు అని కూడా అనేసింది. బుడంకాయ ప్యాంటు మడిచి మోకాళ్ళు చూపించింది. అక్క ఆ గీతలను వేలితో తడిమింది.

"ఆ పలక చప్పుడు నాకు తెలుసే," అంది. "నీళ్ళ మీద అది పోతుంటే వచ్చే చప్పుడు. ఇంకొక్కసారి విందామనుకున్నా. ఒక్కసారన్నా నువ్వు లేస్తావేమోనని."

చెల్లెలు ప్యాంటు మడత కిందికి లాగేసింది. అయితే దాన్నే తొక్కుతాలే అక్కా, అంది. అక్క ఒప్పుకోలేదు. మర్నాడు పాత పలకను చెల్లెలి చేత పట్టించి తనే బయల్దేరదీసింది.

చెరువు పక్కన దుకాణం ఒక నెరిసిన జుట్టావిడది. ఆవిడ ముందు బుడంకాయ బరువు అడిగింది, తర్వాత బూటు విప్పించి పాదం చూసింది. పెద్ద పలక నిలకడ అన్నమాట అబద్ధం కాదట, కాని బరువు తక్కువవాళ్ళకు మరీ పెద్దదైతే మాట వినదట. గోడవారగా మూడు పలకలు పరిచింది. మెరుస్తున్నదాని మీదికి బుడంకాయ చెయ్యి పోయింది. అక్క ఆ చెయ్యి పక్కకు నెట్టి, పలకను ఎత్తి చూసి, బరువుగా ఉందని దింపేసింది. మరీ పొట్టిదాన్ని చూసి, ఇది ఆరితేరినవాళ్ళు గంతులేసేది, మా చెల్లికెందుకు, అని తోసేసింది. కర్చీఫుతో చెయ్యి తుడుచుకుని మూడోదాన్ని పట్టుకుంది. చెక్కది, తేలికది, అంచులు కొద్దిగా పైకి లేచి ఉన్నది. ఇలా అంచు లేస్తే కిందికి చూడకుండానే పాదం ఎక్కడుందో కాలికి తెలుస్తుందని చెల్లెలికి చెప్పింది. ఆమెను ఎక్కించి నిలబెట్టింది. మడమ ఒక అంచుకూ వేళ్ళు ఇంకో అంచుకూ అందుతున్నాయో లేదో తెలియడానికి పలక పక్కన కూర్చుని తన వేళ్ళు దూర్చి చూసింది.

"పైన గరుకుది వద్దండీ, మెత్తటి ఫోముది ఇవ్వండి," అంది దుకాణమావిడతో. "దీని మోకాళ్ళు చూస్తే మీరే ఏడుస్తారు."

ఫోము అతికించినది లోపల ఉంది, తెస్తానని ఆవిడ వెళ్ళింది. ఇద్దరే మిగిలారు. బుడంకాయ పలక దిగి బూట్లు వేసుకుంటోంది. తలెత్తేసరికి అక్క పలక మీద ఉంది. తివాచీ మీద పరిచిన పలక. కింద నీళ్ళు లేవు, ముందు తాడు లేదు. మోకాళ్ళు ఒక పక్కకు వంచి, రెండు చేతులూ లేని పిడిని పట్టుకున్నట్టు చాచింది. ఒంట్లో పాత ఒడుపంతా అలాగే ఉంది. అప్పుడు అక్క కళ్ళు మూసుకుంది.

చెట్టు ఒరిగినట్టు ఒరిగింది. తాను ఒరుగుతున్నట్టు ఆమెకే తెలియలేదు. చేతులు కూడా అడ్డు పెట్టుకోలేదు. బుడంకాయ ఒక్క దూకు దూకి నడుం పట్టుకుంది గాని, ఆ మనిషిని ఆపే బలం ఆమెలో ఎక్కడిది? ఇద్దరూ కలిసి బూట్ల అరను గుద్దుకుని, దాని మీది బూట్లన్నిటితో సహా తివాచీ మీద పడ్డారు.

అక్క ముందు నవ్వింది. పిచ్చుక వచ్చి ఏనుగును పట్టుకుందే, అంది. ఆ నవ్వు మధ్యలోనే విరిగింది.

"నేల మీద కూడా," అంది. "నేల మీద కూడా నిలబడలేనే."

బుడంకాయకు అప్పుడు అర్థమైంది, అక్క ఇన్నాళ్ళూ డాక్టరమ్మ మాటను తలతో విన్నదే గాని ఒంటితో వినలేదని. ఎక్కడో ఒక మూల, పలక ఎక్కితే చాలు కాళ్ళకు అదే గుర్తొస్తుందని నమ్ముకుని ఉంది. ఆ కాస్త నమ్మకమూ ఈ తివాచీ మీద చచ్చిపోయింది. ఆసుపత్రిలో ఏడవనిది, నిచ్చెన పని పోయినప్పుడు ఏడవనిది, చుట్టూ బూట్లు పడి ఉండగా చెల్లెలి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. దుకాణమావిడ లోపలి నుంచి వచ్చి, చూసి, ఫోము పలకను చప్పుడు చేయకుండా కింద పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

కొత్త పలక కొన్నారు. పాత పలకను అక్క ఆ దుకాణంలోనే వదిలేసి వచ్చింది, నిలువెత్తు మనిషి ఎవరన్నా వస్తే ఇవ్వమని.

తర్వాతి ఆదివారం అక్క రానంది. బుడంకాయ ఒక్కతే వెళ్ళింది. మొదటిసారి పడింది, రెండోసారీ పడింది. ఆ తర్వాత పాదాల కింద పలక కాస్త వణికి, ఒక్కసారిగా తేలికై, నీళ్ళ మీదికి లేచింది. మొదటి స్తంభం దాకా వెళ్ళింది. భయపడటం కూడా మరిచిపోయింది. పడ్డాక నీళ్ళలో తేలుతూ, అలవాటు కొద్దీ గట్టు వైపు చూసింది. అక్కడ ఎవరో పిల్లల తల్లి తువ్వాళ్ళు పిండుకుంటోంది.

ఇంటికొచ్చేసరికి అక్క వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. లేచావా అని అడిగింది. లేచానంది చెల్లెలు. ఎలా ఉంది, అంతా చెప్పమంది. బుడంకాయ తడి జుట్టుతోనే కింద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది: తాడు లాగినప్పుడు భుజాలు ఎలా గుంజాయో, పలక ఎలా వణికిందో, ఆ వణుకు ఆగిపోయి కింద నీళ్ళు గుడ్డ చింపినట్టు ఎలా చప్పుడు చేశాయో.

అక్క చేతిలో కత్తి ఆగింది.

"ఇంక చాల్లే," అంది మెల్లగా. "బాగుంది. ఇంక చెప్పకు."

ఆ తర్వాత చాలా ఆదివారాలు బుడంకాయ చెరువుకు వెళ్ళింది. మొదట స్తంభాల చుట్టూ పూర్తిగా తిరగడం వచ్చింది, తర్వాత పలకను పక్కకు తిప్పడం వచ్చింది. ఇంటికి వచ్చేముందు అక్కడే జుట్టు ఆరేదాకా ఎండలో కూర్చునేది. అక్క ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు.