పెన్సిల్ గీత

పదకొండున్నరకు ఊర్మిళ ఆ రోజు తొమ్మిదో మనిషికి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. నా ముక్కునే చూడుండ్రి సార్, తల కదిలియ్యకుండ్రి అంది. ఆయన చూశాడు. ఆమె సన్నని మార్కర్ మొనను దగ్గరికి తెచ్చి, ఫ్రేములోని ప్లాస్టిక్ అద్దం మీద, నల్లగుడ్డు నడుమకు ఎదురుగా ఒక చుక్క పెట్టింది. తర్వాత రెండో కంటికి ఇంకో చుక్క. కొత్త అద్దాన్ని ఆ చుక్కను బట్టే కోస్తారు, అది రెండు మిల్లీమీటర్లు పక్కకు పోతే ఆ మనిషికి నెల రోజులు తలనొప్పి. పన్నెండేళ్లలో చుక్క తప్పిందని తిరిగొచ్చినవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకాయన కళ్లజోడు మీద కూర్చున్నాడని తర్వాత తేలింది.

రెజిమెంటల్ బజారులోని ఆ దుకాణం పురుషోత్తంది. ఆదివారం ఒంటిగంట వరకే తెరిచి ఉంటుంది. ఆ రోజూ వేళకు పురుషోత్తం సగం షట్టరు దించి, తాళం ఆమెకే ఇచ్చి వెళ్లిపోయాడు. కొన్ని ఆదివారాలు ఆమె ఇంకో గంట లోపలే ఉంటుందని ఆయనకు తెలుసు. ఎందుకని ఒకసారి అడిగాడు. పాటలోళ్లకు కాగితం రాసియ్యాలె అని చెబితే, భజన అనుకుని సంతోషించాడు.

ఊర్మిళ కౌంటరు తుడిచింది. నిలువుగా సగానికి కోసిన తెల్ల చార్టు పరిచి, నాలుగు మూలలా నాలుగు కళ్లజోళ్ల డబ్బాలు పెట్టింది. స్కేలుతో, పెన్సిల్‌తో, ఒకదాని కింద ఒకటి పది గీతలు గీసింది. పది పాటలకు పది గీతలు. ఎప్పుడూ ముందు గీతలన్నీ గీస్తుంది, తర్వాతే రాస్తుంది. ఆలేరు అవతల వాళ్ల ఊరి బడిలో రోజూ పొద్దున నల్లబల్ల మీద మంచిమాట రాసింది ఆమే. సుద్దముక్కతో ముందు సన్నగా గీత కొట్టుకుని రాయడం అక్కడ పట్టుబడింది. మార్కులు మామూలుగా వచ్చేవి. అక్షరాలు మాత్రం అందరూ నిలబడి చూసేవారు.

ఉదయ్‌కిరణ్ ఏడేళ్ల కింద ఇదే స్టూలు ముందు కూర్చున్నాడు. అప్పుడతనికి ఇరవై రెండేళ్లు, రెండు కళ్లకూ మైనస్ ఐదు. పాడుతుంటే చెమటకు కళ్లజోడు జారిపోతోందని, తీసేస్తే కాళ్ల దగ్గర పెట్టుకున్న పాటల వరస కనపడడం లేదని చెప్పాడు. జారకుండా ఉండే ఫ్రేము ఏదైనా ఉందా అని అడిగాడు. దుకాణంలో లేదు. పెద్దగ రాసుకోరాదా అంది ఊర్మిళ. తన అక్షరాలు తనకే అర్థం కావన్నాడు. ఆమె పాత క్యాలెండరు వెనక రెండు వేళ్ల ఎత్తు అక్షరాలతో ఒక పాట పేరు రాసి, నేల మీద పెట్టి, జోడు తీసి చదవమంది. చదివాడు. ఆ ఆదివారం పాటకచేరీకి రమ్మన్నాడు.

వాళ్ల బృందం పేరు మీటర్‌గేజ్. ఊర్మిళ అంతకుముందు అటువంటి సంగీతం వినలేదు. మొదటిసారి డ్రమ్ము దెబ్బ పక్కటెముకల్లో తగిలి భయపడింది. రెండోసారి స్పీకరుకు దూరంగా, వేదికకు ఎడమ పక్క స్తంభం దగ్గర నిలబడింది. ఆ తర్వాత ఏ కచేరీకి పోయినా ఎడమ పక్కే. మారేడ్‌పల్లిలో ఎవరిదో మేడ మీద పాడారు, కాలేజీ క్యాంటీనులో పాడారు, కరెంటు పోయిన ఒక కేఫేలో గిటార్ తీగలు ఉత్తగానే మీటుతూ పాడారు. పన్నెండు మంది వచ్చినరోజు ఆమె ఉంది, మూడొందల మంది వచ్చినరోజూ ఉంది. బోయిగూడలో అన్న ఇంటి ముందుగదిలో, ఆమె పరుపు కింద అరవై ఒక్క చార్టులు చుట్టచుట్టి ఉన్నాయి. కచేరీ అయ్యాక నేలకు అతికించిన టేపు ఊడదీసి, కాగితాన్ని ఇంటికి తెచ్చుకోవడం ఆమె అలవాటు. వదినకు ఆమె ఎక్కడికి పోతుందో తెలుసు. ఎందుకు పోతుందో తెలియదు.

ఒకసారి కచేరీ మధ్యలో తర్వాతి పాట ఏదని ఉదయ్‌కిరణ్, డ్రమ్ములు వాయించే విశ్వతేజ అందరిముందూ వాదులాడుకున్నారు. జనం నవ్వారు. ఆ రోజు నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కాగితం మీద ఏది ఉంటే అదే పాట. వేదిక మీద మారుమాట లేదు, ఏదన్నా ఉంటే దిగినాక చూసుకోవాలి. కాగితం రాసేది ఊర్మిళ.

అది ప్రేమ అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అతను అక్కా అని పిలిచేవాడు. ఆమె అన్నం తిన్నదా లేదా అని కూడా అడిగేవాడు కాదు. కానీ ప్రతి పాట అయ్యాక కళ్లు చిట్లించి, వంగి, కాళ్ల దగ్గర ఆమె రాసినదాన్ని చూసేవాడు. ఆ వంగడం కోసం ఆమె వారాల తరబడి ఆగేది.

నాలుగు నెలల కింద నీహారిక వచ్చింది. బేగంపేట అమ్మాయి. వాళ్లది తెనాలి వైపు కుటుంబం. కీబోర్డు వాయిస్తుంది, పాడుతుంది. ఊర్మిళను అండీ అంటుంది. నీళ్ల సీసా ముందు ఆమెకిచ్చి తర్వాత తను తాగుతుంది. తప్పు పట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఊర్మిళ నాలుగు నెలలు చూసింది. దొరకలేదు. దొరికితే బాగుండేది.

రెండు వారాల కింద ఉదయ్‌కిరణ్ కళ్లజోడు లేకుండా వచ్చి, దూరం నుంచే చెయ్యి ఊపాడు. కళ్లలో పెట్టుకునే లెన్సులు వేసుకున్నాడు. నీహారిక వెంటబడి కొనిపించిందట. అదీ బేగంపేటలో, ఇంకెవరి దుకాణంలోనో. “అక్కా, నీ మొఖం గిట్లుంటదా? ఇప్పుడే చూస్తున్న” అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఊర్మిళ కూడా నవ్వింది. ఆ రాత్రి బొట్టుబిళ్ల తీస్తూ అద్దంలో చాలాసేపు చూసుకుంది.

ఈ రోజు పొద్దున పాటల వరస ఉదయ్‌కిరణ్ నుంచి రాలేదు. నీహారిక ఫోన్ నుంచి వచ్చింది. కింద ఇంకో ముక్క ఉంది. ఇకనుంచి మీకీ శ్రమ ఎందుకండీ, వచ్చే కచేరీ నుంచి ట్యాబ్‌లో పెట్టేసుకుంటాం, మీరు హాయిగా కూర్చుని వినండి.

ఊర్మిళ మార్కర్ మూత తీసి పాటల పేర్లు రాయసాగింది. ఒకటి, లిఫ్టు పనిచేయదు. రెండు, ఆలుగడ్డ బావి. మూడు, నాలుగు, ఐదు. ఆరు దగ్గర చెయ్యి ఆగింది.

ఆరోది నీహారిక కట్టిన పాట. పేరు చేటలో వాన. బియ్యం చెరుగుతుంటే వచ్చే చప్పుడు, చిన్నప్పుడు పక్కగదిలో పడుకుని వింటే వాన పడుతున్నట్టు ఉండేదని ఆ పాట. మొదటిసారి ప్రాక్టీసులో విన్నప్పుడు ఊర్మిళ ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత కోపం వచ్చింది. చేట ఆమె కూడా పట్టింది. పదేళ్ల వయసు నుంచి పట్టింది. నూకలు ఒక పక్క, తవుడు ఒక పక్క, వాకిట్లో కోళ్లు. ఆ చప్పుడు ఆమె చెవుల్లోనూ పడింది. వానలా ఉందని మాత్రం ఆమెకు తట్టలేదు. బేగంపేట ఫ్లాటులో పెరిగిన పిల్లకు తట్టింది.

ఆమె మార్కర్‌ను ఏడో గీత మీదికి జరిపి, ఏడో పాట రాసింది. ఎనిమిది, తొమ్మిది, పది రాసింది. రబ్బరు పెన్సిళ్ల డబ్బాలోనే ఉంది. ఆరో గీతను చెరపలేదు. సన్నని పెన్సిల్ గీత, ఎవరికి కనపడుతుందిలే అనుకుంది. కాగితం చుట్టి, షట్టరు దించి, తాళం వేసి మెట్రోకు నడిచింది.

బేగంపేటలో ఒక పాత ఇంటి పైఅంతస్తు హాలు. కచేరీ ఐదింటికి. ఏడింటికి వేరేవాళ్ల కార్యక్రమం ఉందట, హాలు ఖాళీ చేయాలి. ఊర్మిళ పోయేసరికి వైర్లు పరుస్తున్నారు. ఆమె వేదిక మీదికెక్కి, మైకు ముందు మోకాళ్ల మీద కూర్చుని, కాగితం నాలుగు మూలలా నల్ల టేపు వేసింది. ఉదయ్‌కిరణ్ గిటార్ శ్రుతి చేస్తూ, మంచిగున్నవా అక్కా అన్నాడు. కాగితం వైపు చూడలేదు.

కిందికి దిగితే ముందు వరసలో ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. వెంకటగిరి చీర, ఒళ్లో చేతిసంచి, రెండు చెవుల్లో దూది. నీహారిక అమ్మమ్మ, నాంచారమ్మ. ఆవిడ కళ్లజోడు ఎడమవైపు కిందికి వాలి ఉంది. ఊర్మిళకు అది చూస్తూ ఊరుకోవడం చేతకాదు. ఇటియ్యి అమ్మమ్మా అని తీసుకుని, కాడను బొటనవేలి మీద మెల్లగా వంచి, చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. ఆవిడ అటూ ఇటూ చూసింది.

“అబ్బ, ఎంత తిన్నగా ఉందే! మూణ్ణెల్లనించీ చెబుతున్నా మావాళ్లకి. నీ పేరేంటమ్మాయ్?”

చెప్పింది. ఆవిడ ఆమె చెయ్యి పట్టుకునే మాట్లాడింది. ఈ దడదడలు తను ఓర్చుకోలేదట. డాక్టరు చెవులు జాగ్రత్త అన్నాడట. కానీ మనవరాలు తన చేట మీద పాట కట్టిందని, ఇవాళ అందరిముందూ పాడుతుందని, వినకపోతే ఎలా అని దూది పెట్టుకుని వచ్చిందట. “నా గురించి ఎవరైనా పాట కడతారని అనుకున్నానా? ఆయనుంటే నవ్వేవాడు” అంది.

ఊర్మిళ వేదిక వైపు చూసింది. కాగితం పది అడుగుల దూరంలో ఉంది. మార్కర్ సంచిలో ఉంది. జనం వస్తున్నారు. నీహారిక కీబోర్డు వెనక నిలబడి, ఆవిడకు చెయ్యి ఊపింది. ఉదయ్‌కిరణ్ ఆమె చెవి దగ్గర ఏదో అన్నాడు. నీహారిక అతని భుజం మీద మెల్లగా కొట్టింది. ఊర్మిళ సంచి మూతి ముడివేసి, ఎడమ పక్క స్తంభం దగ్గరికి పోయి నిలబడింది.

అరగంట ఆలస్యంగా పాటలు మొదలయ్యాయి. ఒకటి. రెండు. ఉదయ్‌కిరణ్ పాట అయినప్పుడల్లా కాగితం చూశాడు. ఇప్పుడు వంగడం లేదు, కళ్లు చిట్లించడం లేదు. నిలబడే ఒక్కసారి కిందికి చూసి, తల ఎత్తేస్తున్నాడు. ఐదో పాటకు జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. నీహారిక మైకు తన వైపు వంచుకుని, జుట్టు చెవుల వెనక్కి నెట్టుకుంది. అమ్మమ్మ వైపు చూసింది. ఉదయ్‌కిరణ్ కిందికి చూశాడు. ఏడో పాట తీగలు మీటాడు. విశ్వతేజ అందుకున్నాడు.

నీహారిక చేతులు ఒక్క క్షణం గాలిలో ఆగి, కీబోర్డు మెట్ల మీదికి దిగాయి. సరిగ్గా వాయించింది. మైకును మళ్లీ పక్కకు తిప్పేసింది. తర్వాత తల తిప్పి ఎడమ పక్క స్తంభం వైపు చూసింది. ఊర్మిళ ఆ చూపును తట్టుకోలేక నాంచారమ్మ వైపు తిరిగింది. ఆవిడ ఒళ్లో చేతులు జోడించుకుని, మెడ ముందుకు చాచి, పెదవులు కొద్దిగా తెరిచి, చిన్నపిల్లలా ఎదురుచూస్తోంది. ఎనిమిదో పాటకూ అలాగే ఉంది. తొమ్మిదికీ అలాగే ఉంది.

పదో పాట అయ్యేసరికి ఏడింటికి ఇంకా పది నిమిషాలే ఉంది. హాలు మనిషి వచ్చి లైట్లు వేశాడు. జనం మెట్లు దిగుతున్నారు. ఉదయ్‌కిరణ్ నీళ్లు తాగుతూ కాగితం వైపు చూసి, అప్పుడు గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

“ఏందక్కా, ఆరోది ఎగిరిపోయింది?”

ఊర్మిళ జవాబు చెప్పేలోపు విశ్వతేజ అందుకున్నాడు. “ఏడేండ్లకు ఒక్కసారి. అక్క సుత మనిషే కదరా.” అందరూ నవ్వారు. ఒక్కరికీ అనుమానం లేదు. అది ఆమెకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

నీహారిక వైరు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అంది. “నేను పంపిన లిస్టులోనే పడలేదేమో. పొద్దున హడావుడిలో ఉన్నాను.”

లిస్టులో ఉంది. ఊర్మిళకు తెలుసు. ఉందని నీహారికకూ తెలుసు.

ఎవరో కొంగు లాగినట్టయి వెనక్కి తిరిగింది. నాంచారమ్మ కర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది.

“అమ్మాయ్, నా పాట అయిపోయిందా? నాకు తెలియనేలేదు. ఈ దూదిలో పోయినట్టుంది” అని ఆవిడ తన చెవిని తనే ముట్టుకుంది. “దాంతో అనకు, చిన్నబుచ్చుకుంటుంది. బాగుందని చెబుతాలే. ఎలా పాడింది?”

బాగ పాడింది అంటే అయిపోయేది. ఆవిడ నమ్మేది. తన చెవుల్ని తిట్టుకుంటూ ఇంటికి పోయేది.

“పాడలే అమ్మమ్మా. నేనే రాయలే” అంది ఊర్మిళ మెల్లగా.

“ఆఁ?”

పెద్దావిడ ఒక చెవిలోంచి దూది తీసి, ఆ చెవిని ఆమె నోటి దగ్గరికి తెచ్చింది. అప్పటికి స్పీకర్లు ఆపేశారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

“పాట పాడలే. నీ చెవులు మంచిగనే ఉన్నయి. నేనే రాయలే. మర్చిపోలే, కావాలనే రాయలే.”

ఈసారి మాట హాలంతా వినపడింది. విశ్వతేజ చేతిలోని డ్రమ్ము పుల్లలు చప్పుడు కాకుండా సంచిలోకి జారాయి. ఉదయ్‌కిరణ్ ఆమె వైపు చూశాడు. ఏడేళ్లలో అతను అంత స్పష్టంగా ఆమెను చూడడం అదే మొదలు.

నాంచారమ్మ ఆమె ముఖం చూసి, “ఎందుకే?” అంది. తిట్టినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

“నేను సుత బియ్యం చెరిగిన” అంది ఊర్మిళ.

స్తంభం దగ్గరి సంచి తీసుకుని భుజాన వేసుకుంది. నీహారిక రెండడుగులు ముందుకు వేసింది గానీ పిలవలేదు. ఊర్మిళ చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. బయట ఇంకా కొంచెం వెలుతురు ఉంది. కిందనున్న పాన్‌డబ్బా దగ్గర కచేరీకి వచ్చిన పిల్లలు ఐదో పాటను కూనిరాగం తీస్తున్నారు. వాళ్ల మధ్యనుంచి ఆమె మెట్రో వైపు నడిచిపోయింది. ఆ తర్వాత మీటర్‌గేజ్ కచేరీల్లో వేదికకు ఎడమ పక్క ఆమెను ఎవరూ చూడలేదు.

హాలు మనిషి తొందర పెడుతుంటే డ్రమ్ములు దించారు, కీబోర్డు దించారు, మైకు స్టాండ్లు మడిచారు. నాలుగు మూలలా నల్ల టేపుతో, అరవై రెండో చార్టు వేదిక మీదే ఉండిపోయింది. అందులో ఐదో పాటకూ ఏడో పాటకూ నడుమ, స్కేలు పెట్టి తిన్నగా గీసిన ఒక పెన్సిల్ గీత, పైన ఏమీ లేకుండా.