రెండో గొర్రెతోలు

కసిల్దా నోట మంచిమాట పుట్టడం కంటే బండరాతి మీద దుంప మొలవడం తేలికని మా కొండమీద ఆడవాళ్ళు అనుకునేవారు. వాన పడితే బురదనేది, పడకపోతే దుమ్మనేది. మొగుడు బతికున్నన్నాళ్ళూ ఆయన గురక మీద సణిగింది. ఆయన పోయాక ఇల్లు చప్పుడు లేకుండా ఉందని, నిద్ర పట్టడంలేదని సణిగింది. పాపం, ఆ రెండో సణుగుడులో ఏడుపు ఉందని ఎవరికీ తోచలేదు. ఎప్పుడూ మొరిగే కుక్క నిజంగా దొంగను చూసి మొరిగినా ఎవరు లేస్తారు?

లేచేది ఒక్క దొమితీలా. కసిల్దా కూతురిని జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా చేతుల్లో పట్టుకున్నది ఈ దొమితీలాయే. ఆ పిల్ల మూడేళ్ళకే జ్వరంతో పోయింది గానీ, ఆ నాడు కలిసిన వరస పోలేదు. ఒకరికొకరు వదినలు.

రెండేళ్ళ క్రితం కోతల కాలంలో కసిల్దా బార్లీ మోపుతో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఊరి అమ్మలంతా కలిసి నడుపుకునే వంటశాల ఒకటి ఉంది కదా, అందులో మంచానపడ్డవాళ్ళకి ఊరికే పెడతారు. మోసుకెళ్ళడానికి మాత్రం మనిషి కావాలి. దొమితీలా తనే మోస్తానంది. జావకుండని శాలువాలో చుట్టి, బిడ్డను కట్టుకున్నట్టు వీపుకి కట్టుకుని, అరగంట ఎక్కుడు ఎక్కి కసిల్దాకి పోసేది. అక్కణ్ణించి ఇంకా పైకెక్కి, కళ్ళు లేని ఎవారిస్తో తాతకి మిగిలింది పోసేది.

కసిల్దా చెంచా నోట్లో పెట్టకముందే మొదలయ్యేది.

"ఉప్పు ఎవరు వేశారు, ఆ నిల్దాయేనా? దానికి నాలుక లేదు."

"ఇంకా?" అనేది దొమితీలా గడపమీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ.

"దుంపలు ఉడకలేదు. పుదీనా ఆకు మచ్చుకైనా లేదు. చల్లారిపోయింది."

"ఇంకా చెప్పు వదినా, ఎవారిస్తో తాత ఎదురుచూస్తుంటాడు, తొందరగా చెప్పు."

"నీకు నవ్వులాటగా ఉంది. నువ్వూ కాలు విరిగి చల్లటి జావ తాగితే తెలుస్తుంది."

కాలు ఏడాదికే అతుక్కుంది. పోయిన ఏడు సంతకి కర్ర పట్టుకుని దిగి, కోళ్ళ బేరాలు చూసి, అన్నీ పిరమని తిట్టి, తిరిగి ఎక్కి వచ్చింది కూడా. అయినా వంటశాలకి పోలేదు. పోతే వండాలి, పాత్రలు తోమాలి. అంతకంటే, పోతే ఆ మధ్యాహ్నం పూట గడపమీద కూర్చుని "ఇంకా?" అనేవాళ్ళు ఉండరు. ఈ రెండోది తనకి తానే చెప్పుకోలేదు.

ఈ ఏడు జూలైలో, మా వైపు అది నడి చలికాలం, మంచు గట్టిగా కురిసింది. ఒకరోజు దొమితీలా ఆలస్యంగా వచ్చింది. దగ్గు. గడపమీద కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది. కసిల్దా ఒక చెంచా తాగి గిన్నె పక్కకి నెట్టింది.

"దీన్ని కుక్క కూడా ముట్టదు. మంచుగడ్డ."

"రేపు వేడిగా తెస్తాలే వదినా."

అంతే. మర్నాడు రాలేదు. మూడోనాటి పొద్దున గుడిగంట ఆగి ఆగి మోగింది. ఎవరికోసమో కసిల్దాకి పైనుంచే తెలిసిపోయింది.

మట్టి చేసేటప్పుడు అందరూ ఏడ్చారు, కసిల్దా ఏడవలేదు. కన్నీళ్ళకి చోటులేకుండా లోపల ఒక్క మాటే అడ్డంపడి ఉంది. రెండేళ్ళు తిండి మోసిన మనిషికి తను చివరగా చెప్పిన మాట కుక్క సంగతి. దొమితీలా మనసు కష్టపెట్టుకుని వెళ్ళిందా? ఆ ఒక్కటి తెలిస్తే చాలు. ఎవర్ని అడగాలి? చచ్చినవాళ్ళని అడగడానికి ఒక్క రోజే ఉంది, అయిదోనాడు.

అయిదోనాడు చనిపోయినవాళ్ళ బట్టలన్నీ ఏటికి తీసుకుపోయి ఉతుకుతారు. రక్తసంబంధం ఉన్నవాళ్ళు ఉతకకూడదు, వరస కలిసినవాళ్ళూ స్నేహితులూ ఉతకాలి. సాయంత్రం గడపలో బూడిద పరుస్తారు. ప్రాణం కడసారి ఇంటికి వస్తే అడుగు పడుతుందని నమ్మకం. కోపంతో పోయినవాళ్ళు రారని పెద్దలు అంటారు.

కసిల్దా కర్ర పట్టుకుని అందరికంటే ముందే ఏటికి దిగింది.

"కసిల్దా వదిన వచ్చిందర్రోయ్," అంది నిల్దా. వంటశాలకి పెద్ద ఆవిడే. "ఇహ చూడండి, ఏరు తడిగా ఉందంటుంది."

అందరూ నవ్వారు. ఆ ఉతుకుడులో నవ్వాలి కూడా, పోయినవాళ్ళకి దారి తేలికవుతుందని. కసిల్దా తిట్టకుండా బట్టల మూట దగ్గరికి పోయి కూర్చుంది. చలి తెలియకుండా ఆకు నములుతున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒంట్లో బాగాలేదా వదినా?" అంది నిల్దా గొంతు తగ్గించి.

"ఆ రవికలు నాకివ్వు. నేను ఉతుకుతాను."

మూడు రవికలు, మందపాటి ఉన్నివి. మొదటిదాన్ని నీళ్ళలో ముంచి రాతిమీద పరిచి రుద్దుతుంటే వీపు దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ గుడ్డ గుడ్డలా లేదు. మసి ఇంకి, కమిలి, గట్టిపడి ఉంది. దానిమీద మాసిక. మాసికా కమిలితే దానిమీద ఇంకో మాసిక. రెండోది తీసింది. అదే చోట, అంతే. మూడోది కొత్తది, దానికి అప్పుడే గోధుమరంగు మరక.

"ఇదేమిటి?" అంది.

నిల్దా తల వంచుకుని బట్ట పిండుతోంది.

"నిన్నే అడుగుతున్నా నిల్దా. ఇదేమిటి?"

"నీకు నిజంగా తెలియదా, తెలియనట్టున్నావా?" అంది నిల్దా. తిట్టినట్టు కాదు, అలిసిపోయినట్టు. "కుండ వీపుకి కట్టుకునేటప్పుడు మధ్యలో గొర్రెతోలు పెట్టేవాళ్ళం. ఉన్నది ఒక్కటే తోలు. చల్లారిందని నువ్వన్నాక దొమితీలా ఆ తోలు తీసి కుండకి బయటి వైపు చుట్టింది, గాలి తగలకుండా. లోపలి వైపు దాని వీపే అడ్డు. కుండ ఆరేదాకా ఆగవే అంటే ఆగేది కాదు. పొయ్యిమీంచి దించీ దించగానే కట్టుకునేది."

"ఎవరూ చెప్పలేదే నాకు."

"చెప్పొద్దంది. చెప్తే ఆవిడ జావ మానేస్తుంది, అదో కొత్త గొడవ అంది." నిల్దా చేతులు నీళ్ళలోనే ఉన్నాయి. "పోయాక స్నానం చేయించింది నేనే. వీపు చూశాను వదినా."

కసిల్దా రవికని వదల్లేదు. ఏటినీళ్ళకి వేళ్ళు కొయ్యబారాయి. తలెత్తకుండా అడిగింది, "నామీద ఏమైనా అనేదా?"

"అనేది. నేనే ఒకసారి తిట్టాను, ఆ సణుగుడు ఎలా భరిస్తావే అని. దానికి అది, 'మా ఆయన పోయేముందు నెల్లాళ్ళు ఏమీ అడగలేదు, ఏదీ బాగాలేదనలేదు. పెట్టింది తిని గోడకేసి తిరిగి పడుకునేవాడు. ఆ చప్పుడులేనితనం చూశాక నాకు భయం. వదిన ఉప్పు లేదంటే, అమ్మయ్య, ఇవాళ్టికి బతికే ఉంది అనుకుంటాను' అంది."

అప్పుడు ఏడ్చింది కసిల్దా. రవికని మొహానికి అదుముకుని, తడితడిగా, పెద్ద చప్పుడు లేకుండా. ఆడవాళ్ళు చుట్టూ చేరలేదు. ఆమె ముందు ఇంకో రెండు బట్టలు పెట్టి, తమ పని తాము చేసుకున్నారు. దుఃఖంలో ఉన్న చేతులకి పని ఇవ్వడమే మర్యాద.

ఆ సాయంత్రం దొమితీలా గడపలో బూడిద పరిచారు. తెల్లవారి అందరికంటే ముందు కసిల్దాయే వెళ్ళి వంగి చూసింది. బూడిద పరిచింది పరిచినట్టే ఉంది. గాలి ఒక అంచు లేపిందంతే. అడుగు లేదు, వేలు లేదు.

"చూశావా వదినా, కనీసం ఒక్క..." అని నోరు తెరిచింది.

ఆగిపోయింది. వచ్చే మనిషి రాలేదని కూడా సణగడమేనా? రెండేళ్ళు కమిలిన వీపుతో ఆ కొండ ఎక్కింది, ఇప్పుడైనా కూర్చోనీ. నోరు మూసుకుని ఇంటికి తిరిగింది.

ఇంట్లో తన మంచం చూసింది. చలి, చలి అని ఊరంతా వినేలా తను మొత్తుకునే మంచం. దానిమీద ఏడు గొర్రెతోళ్ళు. మొగుడు పోయాక అతని తోళ్ళు కూడా తన కిందే వేసుకుంది. ఎప్పుడూ లెక్కపెట్టలేదు, ఇవాళ లెక్కపెట్టింది. అన్నిటికంటే మెత్తటిదాన్ని లాగి భుజాన వేసుకుంది.

వంటశాలలో నిల్దా కుండ దించుతోంది. వారం రోజులుగా పైకి జావ మోసే మనిషి కోసం రోజూ ఒక తగవే. ఒకరికి నడుంనొప్పి, ఒకరికి మేకలు.

"నాకు కట్టు," అంది కసిల్దా.

"నీ కాలో?"

"కాలు ఏడాది క్రితమే బాగైంది. నీకు తెలుసు, నాకూ తెలుసు. కట్టు."

నిల్దా పాత తోలు అందుకుని, వీపుకీ కుండకీ మధ్య పెట్టబోయింది. కసిల్దా దాన్ని బయటికి తిప్పించింది. తను తెచ్చిన తోలు లోపల పెట్టించింది. శాలువా ముడి గుండెమీద బిగించుకుంది. రెండు తోళ్ళ మధ్య కుండ, కోడి కింద గుడ్డులా ఉంది. వీపుకి కాస్త వెచ్చదనం తగిలింది, అంతే.

"ఇంకో తోలు. ఇంత తేలిక," అంది.

నిల్దా ముడి సరిచేసి వెనక్కి జరిగింది.

ఎక్కుడులో సగం దారికి ఆయాసం వచ్చింది. ఈ రాళ్ళు ఎవడు పరిచాడో, వాడి చేతులు పడిపోను, అని మొదలుపెట్టి, నాలుగు అడుగులు తిట్టి, మానుకుంది. తన గడప దగ్గర ఆగలేదు. ఇంకా పైకి ఎక్కింది.

ఎవారిస్తో తాత అడుగుల చప్పుడు విని మొహం తిప్పాడు. "ఎవరది? దొమితీలా నడక కాదు."

"కసిల్దాని, తాతా."

"ఓ, నువ్వా. నువ్వొస్తే ఇక పాలు విరుగుతాయి." గిన్నె అందుకుని ఒక్క గుక్క తాగి ఉలిక్కిపడ్డాడు. "నోరు కాల్చావు కదే. దొమితీలా తెచ్చేది సరిగ్గా ఉండేది, నీ ఇంట్లో ఆగి వచ్చేసరికి గోరువెచ్చగా. నీకు ఒక పనైనా తిన్నగా వచ్చా?"

కసిల్దా గడపమీద కూర్చుంది. దొమితీలా కూర్చున్నట్టే, మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుని. కింద లోయలో కొత్త మట్టికుప్ప నల్లగా కనిపిస్తోంది.

"ఇంకా?" అంది.

తాత ఊదుకుంటూ తాగుతున్నాడు. "ఉప్పు ఎక్కువైంది. ఇంటి కప్పు కారుతోంది. ఈ మధ్య ఎవరూ మాట్లాడరు నాతో."

"ఇంకా చెప్పు తాతా," అంది కసిల్దా. "నాకు తొందరేమీ లేదు."