మధ్య గిన్నెలో పొద్దు

దారాలక్క రోజూ వంట ముగించి, క్యారేజీ పట్టుకుని డాబా ఎక్కేది. అడుగు గిన్నెలో తిండి. మధ్య గిన్నెను ఎండకు పట్టేది, తల దువ్వుకుని జడ వేసుకున్నంత సేపు. పై గిన్నెను గాలి వచ్చే వైపు తిప్పేది. నిండిందీ లేనిదీ చేతికే తెలిసేది, నిండితే గిన్నె కాస్త తేలికవుతుంది. అప్పుడు మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి, క్లిప్పు బిగించి పనికి బయలుదేరేది.

ఆమె పని కోట్లు కుట్టే చోట. ఏ గుడ్డకి ఏ దారమో జత చూసి మిషన్ల వాళ్ళకి అందివ్వాలి. పంతొమ్మిదేళ్ళుగా అదే పని, అందుకే ఆ పేరు. ఆ హాలు భవనం కింద, మెట్లు దిగి వెళ్ళాలి. పైన వీధి మట్టానికి పొడుగాటి కిటికీ ఒకటి ఉంది గానీ, దుమ్ము పడుతుందనీ, ఆడవాళ్ళు దారిన పోయేవాళ్ళ కాళ్ళు చూస్తూ కూర్చుంటారనీ ఓనరు దానికి చెక్కలు కొట్టించాడు. ఇక మిగిలినవి నాలుగు ట్యూబులైట్లు. అందులో ఒకటి రోజంతా కన్ను కొడుతూనే ఉండేది. పెళ్ళి కావలసినవాళ్ళు దాని కింద కూర్చోండే అని గుండీలు కుట్టే వదిన నవ్వించేది.

నవ్వితే దగ్గు వచ్చేది. గాలి నిండా నూలు పీచు. మధ్యాహ్నానికి తలలు దిమ్మెక్కేవి, కళ్ళు మండేవి. ఒకరి ఆవులింత ఇంకొకరికి పాకుతూ గోడ దాకా వెళ్ళి తిరిగొచ్చేది.

భోజనాల వేళ దారాలక్క మధ్య గిన్నె తీస్తే పొద్దు లేచి బల్ల మీద కూర్చునేది. పై గిన్నె తీస్తే గాలి హాలంతా ఓసారి తిరిగొచ్చేది. కాస్త ఇటు జరుపక్కా అనేవాళ్ళు పక్కవాళ్ళు, అంతే. గుండీల వదిన సూదిలో దారం ఎక్కించుకునేది. మిషన్ పిన్నికి ఆ కాసేపు దగ్గు ఆగేది.

పని వేళ కూడా మధ్య గిన్నె మూత ఓరగా తీసిపెట్టుకుని, ఆ వెలుగులోనే దారాలు జత చూసుకునేది దారాలక్క. అది సూపర్‌వైజరు కంట్లో పడింది. క్షణం ఆలస్యమైనా ఊరుకోడని ఆయన్ని అందరూ గడియారం అంటారు. క్యారేజీ భోజనాల గంటకే తెరవాలన్నాడు. సరేనని మూసేసింది.

వారం తిరగకుండా, కుట్టి పంపిన కోట్లలో రెండు వందలు వెనక్కి వచ్చాయి. ముదురు నీలం గుడ్డ మీద నల్ల దారం. ట్యూబులైటు కింద ఆ రెండు రంగులూ అక్కాచెల్లెళ్ళే, ఎండలోకి వచ్చాక ఒకరి మొహం ఒకరు ఎరగరు.

ఓనరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మెట్లు దిగాడు. అందరి ముందూ అన్నాడు.

"నీ కళ్ళు అయిపోయాయమ్మా. రేపటి నుంచి ఇంటి దగ్గరే ఉండు."

ఇల్లంతా ఆమె చేతి మీదే నడుస్తోంది. పైగా కళ్ళు పోయాయన్న పేరు పడితే ఇంకెక్కడా దారం ముట్టనివ్వరు. దారాలక్క లేచి నిలబడింది.

"నా కళ్ళకేం కాలేదు సార్. చీకటే మీది."

మిషన్లు ఆగాయి. ఆమె పది దారపు కండెలు బల్ల మీద పరిచి, ఐదు నలుపు, ఐదు నీలం, వేరు చేసి చూడమంది. ఓనరు నవ్వుకుంటూ చకచకా రెండు కుప్పలు పెట్టాడు. అప్పుడు మధ్య గిన్నె మూత తీసింది. నల్ల కుప్పలో మూడు నీలం కండెలు మెరిశాయి. గడియారం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఓనరు ఆ మూత మూయించాడు. ఇక మీదట క్యారేజీల్లో తిండి తప్ప ఇంకేం లోపలికి రాకూడదని, గేటు దగ్గర కూర్చునే తాత ఒక్కొక్కటీ తెరిచి చూడాలని చెప్పి వెళ్ళిపోయాడు. ఇంటి దగ్గర ఉండమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం మెట్లెక్కుతూ దారాలక్క ఏడవలేదు. గిన్నె ఎంతసేపు పట్టాలో, ఎటు తిప్పాలో అందరికీ చెప్పింది.

మర్నాడు ఎప్పటి వేళకే వచ్చింది. వెనక నలభై మంది, నలభై క్యారేజీలు. తాత ఒక్కొక్కటే తెరిచాడు. తెరిచినప్పుడల్లా ఆయన ముడతల మొహం వెలిగింది. గడియారం మెట్ల మీద నుంచి ఏముందని అడిగాడు.

"తిండే బాబూ," అన్నాడు తాత. "ఇది లేకుండా మనిషి ఎలా బతుకుతాడు? తిండే."

గుండీల వదిన మొదలుపెట్టింది. తర్వాత నలభై గిన్నెల మూతలూ లేచాయి. పొద్దు గోడల దాకా నిండింది. గాలి పైకి పోయి కిటికీ చెక్కల మీద చెయ్యి వేసింది. మేకులు ఒక్కొక్కటే వదులై, చెక్కలతో సహా కింద పడ్డాయి. కన్ను కొట్టే ట్యూబులైటు సిగ్గుపడి ఆరిపోయింది.

ఓనరు వచ్చి మూయమన్నాడు. ఒక్క మూతా పడలేదు. దారాలక్క తలెత్తలేదు. వెనక్కి వచ్చిన కోట్లు ఒళ్ళో వేసుకుని నల్ల కుట్లు విప్పుతోంది. ఒక కండె ఆయన ముందుకి తోసింది.

"ఇదేం రంగు సార్?"

ఆయన చాలాసేపు చూశాడు. రుమాలు ముక్కు మీద నుంచి ఎప్పుడు జారిందో ఆయనకే తెలియదు.

"నీలం."

"నా కళ్ళకీ నీలమే. విప్పాల్సిన కోట్లు ఇంకా నూట ఎనభై ఉన్నాయి. మీరు వెలుగుకి అడ్డం నిలబడ్డారు, కాస్త జరగండి."

ఓనరు జరిగాడు. ఆయన వెనక, కిటికీలో, దారిన పోయేవాళ్ళ కాళ్ళు కనిపించాయి. నలభై మందీ తలలెత్తి, తీరిగ్గా ఆ కాళ్ళు చూసి, మళ్ళీ పనిలో పడ్డారు.