కోయని కాజాలు

దారం కొసను పెదవుల మధ్య తడిపి, సూదిలోకి ఎక్కించి, కాజాలక్క ఇంకో చొక్కాను ఒడిలోకి లాక్కుంది. దర్జీ దుకాణం వెనకగదిలో, కిటికీ కింద పరిచిన చాప ఆమె చోటు. పెళ్ళయిన కొత్తల్లో బావగారు తీసుకొచ్చి కూర్చోబెట్టాడు, కూర్చుంది. అంతకుముందు నాన్న బడి చాలన్నాడు, మానేసింది. మేనమామ సంబంధం తెచ్చాడు, తలవంచింది. మొగుడు ఆమెను అడిగే ప్రశ్న ఒక్కటే, తువ్వాలు ఎక్కడని. సూదిపోట్లకు ఆమె చూపుడువేలు ఎంత గరుకెక్కిందంటే, మెత్తటి గుడ్డ తగిలితే పోగులు పట్టుకుని లాగుతుంది. బతుకులో ఆమె తన చేత్తో కోసిన కోతలు గుండీలు దూర్చే కాజాలే. అవైనా దుకాణం మాస్టారు సుద్దతో గీత గీసి ఇచ్చాకే.

అలాంటి మనిషిని పట్టుకుని, పక్కన మిషను మీద కుట్టే చిటికె సలహా అడిగింది.

"అక్కా, సాయంత్రం బండికి వెళ్ళనా, మాననా? నువ్వేదంటే అదే."

ఏ పనైనా చిటికెలో తేలుస్తుందని మాస్టారు పెట్టిన పేరది. పెద్ద ఊళ్ళో బట్టలు కత్తిరించడం నేర్పే చోట ఆమెకు సీటొచ్చింది. ఏడాది అక్కడే ఉండాలి, పిల్లల్ని తేకూడదు. చిటికె కొడుక్కి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. ఇక్కడుంటే మాత్రం కుట్టడమే. మాస్టారు తన పెద్ద కత్తెరను ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

"మీ ఆయనేమన్నాడే?"

"నీ ఇష్టం అన్నాడు. వద్దన్నా బాగుండేది, పోట్లాడి పోయేదాన్ని."

"మీ అత్త?"

"నేను చూసుకుంటాలే అంది. ఆ నోటితోనే, కన్నదానివి నువ్వా నేనా అంది."

కాజాలక్క చేతిలో సూది ఆగింది. వెళ్ళమంటే, రేపు వాడికి ఒళ్ళు కాలితే? అమ్మేదని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే? ఆ ఉసురు తనకే చుట్టుకుంటుంది. వద్దంటే, ఇది నడుం వంగేదాకా ఆ మిషను ముందే కూర్చుని, తల ఎత్తినప్పుడల్లా తనవైపు చూస్తుంది. సొంత బతుకుకే దారీ తెన్నూ చెప్పుకోలేనిది, ఒకరికేం చెబుతుంది?

"సాయంత్రంలోగా చెప్తాలే," అంది.

భోజనాల వేళ చిటికె మిగిలిన గుడ్డముక్కలతో కొడుక్కి చొక్కా కుడుతూ కూర్చుంది.

"ఇంత పొడుగెందుకే? వాడికి మోకాళ్ళ దాకా వస్తుంది."

"పెరుగుతాడుగా," అంది చిటికె, తల ఎత్తకుండానే.

మధ్యాహ్నం కోటు చేతికొచ్చింది. అడ్డగీత ఉన్నచోట కాజా, ముగ్గుచుక్కలా చిన్న గుర్తు ఉన్నచోట గుండీ. కళ్ళు మూసుకుని చేసే పని. వెళ్ళు అననా, వద్దు అననా అనుకుంటూ కోసింది, కుట్టింది. గుండీల డబ్బా తీశాక చూసుకుంది. కోటుకు రెండువైపులా కాజాలే. గుండీ నిలిచే చోటే లేదు.

తెర అవతల మాస్టారి గొంతు. "కాజాలక్కా, కోటు ఆయన వచ్చేస్తున్నాడు!"

చిటికె లేచొచ్చి చూసింది. కోటును లాక్కుని, అదే రంగు ముక్కను వెనక వేసి, చిల్లుల్ని పోగుపోగుగా అల్లేసింది. పైన కాస్త పెద్ద గుండీలు కుట్టింది.

"మాస్టారికి చెప్పనా?" అనడిగింది కాజాలక్క.

"చెప్పెయ్యక్కా. తిట్లకి ఒంటికి చిల్లులు పడవు."

కోటు పట్టుకుని లేవబోతుంటే, చిటికె ఆమె కొంగు పట్టుకుంది. "మరి నా సంగతి?"

కాజాలక్క నిలబడే చెప్పింది.

"నాకు తెలీదే. తెలిసినట్టు చెప్పడమూ చేతకాదు. నువ్వు వెళ్తే, రోజూ పని దిగాక వాడి దగ్గరికి వెళ్తాను. ఉంటే, రేపూ ఇక్కడే నీ పక్కన కూర్చుంటాను. నా దగ్గరున్నది అంతే."

చిటికె కొంగు వదిలింది.

తెర అవతల మాస్టారు కోటును వెలుతురుకు పెట్టి చూశాడు. "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అని అరిచాడు, అల్లికను వేలితో తడిమాడు, ఇంకాస్త అరిచాడు. ఈలోగా వీధి చివర బండి హారను మోగింది. ఒకసారి, ఆగి ఇంకోసారి. కాజాలక్క తల దించుకుని తిట్లన్నీ విన్నది.

తిరిగొచ్చేసరికి మిషనుకు మూత వేసి ఉంది. చిటికె చెప్పులు లేవు.

కాజాలక్క చాప మీద, నాలుగు మడతలు పెట్టిన పిల్లాడి చొక్కా ఉంది. అంచులన్నీ కుట్టి ఉన్నాయి. ముందు పట్టీ మీద సుద్దగీతలు సన్నగా, వరసగా. ఒక్క కాజా కూడా కోయలేదు.