ఇంటికాడ తినే వచ్చినం

మంఖాల్‌లో పొద్దుగూకాక ఎవరింటికి వెళ్ళినా మొదటి పలకరింపు "తిన్నవా?" అనే. దానికి జవాబూ ఒక్కటే, "తిన్న." కడుపు కాలిపోతున్నా సరే, ముందు "తిన్న" అనాల్సిందే. అప్పుడు ఇంటివాళ్ళు చెయ్యి పట్టుకుని గుంజాలి, "మా ఇంట్ల నీకు బువ్వ సయించదా?" అని దెప్పాలి. ఆ తర్వాతే "సరే, జరంత పెట్టు" అంటూ కూర్చోవాలి. మొదటి పిలుపుకే కంచం ముందు కూర్చున్నవాణ్ణి ఊరు ఏడాదిపాటు తలుచుకుని నవ్వుతుంది.

సక్కుబాయి ఆ మర్యాదలోనే పుట్టి పెరిగింది. అందుకే ఆ సాయంత్రం శంషాబాద్‌లో, భీమశంకరరావు ఇంట్లో, ఆయన భార్య మంగాదేవి వచ్చి "భోజనానికి లేస్తారా అండీ?" అని అడిగినప్పుడు, తన భర్త కుర్మయ్య "వద్దమ్మా, ఇంటికాడ తినే వచ్చినం" అంటే ఆమెకు తప్పనిపించలేదు. రెండోసారి అడుగుతారని చూసింది.

అడగలేదు. మంగాదేవి ముఖం చిన్నబోయింది. భర్త వైపు చూసింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "సరేనండి, మీ ఇష్టం. మేం బలవంతం చేయకూడదు" అన్నాడు.

వచ్చిన పని చిన్నది కాదు. కుర్మయ్య కొడుకు జగదీశ్, ఈ ఇంటి అమ్మాయి సింధూర ఎయిర్‌పోర్టులో ఒకేచోట పనిచేస్తారు. పెళ్ళంటూ చేసుకుంటే ఒకరినొకరే చేసుకుంటామని ఇద్దరూ భీష్మించుకున్నారు. ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఆంధ్రోళ్ళతో సంబంధమేందని ఇక్కడా, తెలంగాణవాళ్ళకు పిల్లనిస్తారా అని అక్కడా చుట్టాలు నసుగుతూనే ఉన్నారు. "ఏడింటికి రమ్మన్నరు బాపు" అని చెప్పి జగదీశ్ డ్యూటీకి పోయాడు. ఏడింటికి రమ్మన్నవాళ్ళు బువ్వ పెట్టకుండా పంపుతారా అనుకున్న కుర్మయ్య, బయల్దేరే ముందే షుగరు సూది పొడుచుకున్నాడు. తుక్కుగూడ దగ్గర ఆటో పంక్చరై ముప్పావుగంట పోయింది. సూది పడ్డాక తిండి ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుందని దవాఖానలో డాక్టరమ్మ ఇద్దరికీ విడమరిచి చెప్పింది.

భీమశంకరరావు కాకినాడ నుంచి తానెప్పుడొచ్చిందీ, ఏ ఆఫీసులో చేసిందీ పేపరు చదివినట్టు చెబుతున్నాడు. ఇంటి మీదుగా విమానం పోయినప్పుడల్లా ఆగి, మళ్ళీ అందుకుంటున్నాడు. లోపల్నుంచి తాలింపు వాసన వస్తోంది. ఫ్యాను కిందే కూర్చున్నా కుర్మయ్య మెడ మీద చెమట పట్టింది. సక్కుబాయి అతని చెవి దగ్గరికి వంగింది.

"చక్కెర అడగనా?" అని గుసగుసలాడింది.

"ఊకో. తిండికొచ్చిన్రనుకుంటరు. పోరని బతుకు ఖరాబైతది."

ఊరుకుంది. ఊరుకుని, అతని వేళ్ళు వణకడం చూస్తూ కూర్చుంది.

"మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికండీ?" అన్నాడు భీమశంకరరావు.

కుర్మయ్య ఆయన వైపు తిరిగాడు. చూపు మాత్రం ఎక్కడో ఉంది. "ఎడ్లను కట్టేసిన్రా?" అన్నాడు.

ఎడ్లను అమ్మి ఏడేళ్ళైంది.

సక్కుబాయి లేచింది. పిలవని పేరంటానికి పోయినట్టు పరాయి వంటింట్లోకి దూసుకుపోయి, "చక్కెర ఏడున్నది బిడ్డా? జల్దీ!" అని అరిచింది. సింధూర డబ్బా అందించింది. వంటింటి పక్క గదిలో ఐదు అరిటాకులు కడిగి పరిచి ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మెతుకు లేదు. అవి కంటపడ్డా ఆగి ఆలోచించే తీరిక లేదు.

గుప్పెడు చక్కెర భర్త నోట్లో పోసి, దవడలు నిమురుతూ "మింగు, మింగు" అని బతిమాలింది. సగం చొక్కా మీద రాలింది. భీమశంకరరావు నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. పావుగంటకు కుర్మయ్య కళ్ళల్లోకి చూపు తిరిగొచ్చింది.

"ఏందే, ఎందుకేడుస్తున్నవ్?" అన్నాడు.

మంగాదేవి గొంతు చించుకుంది. "తినొచ్చామన్నారు కదండీ! సంబంధం ఇష్టం లేకపోతేనే ఆడపిల్లవాళ్ళింట్లో భోజనానికి చెయ్యి కడగరు, మా వైపు అంతే. మర్యాదగా వద్దంటున్నారనుకున్నాం. మధ్యాహ్నం నుంచీ మీకోసమే వండుతున్నాను, మేమూ తినలేదు!"

"ఒక్కపారి అడిగితే ఎట్ల ఒప్పుకుంటమమ్మా?" అంది సక్కుబాయి. అంటూనే సిగ్గుతో చచ్చిపోయింది. నలుగురేమనుకుంటారోనని, కళ్ళ ముందే మొగుడు చల్లబడిపోతుంటే నోరు మూసుకుని కూర్చున్నది తనే కదా. తన మీద తనకే అసహ్యం వేసింది.

సింధూర కంచంలో అన్నం, పప్పు తెచ్చింది. సక్కుబాయి కలపబోయింది కానీ చేతులు వణికి ముద్ద నిలవలేదు. రెండుసార్లు ఒళ్ళో పడింది. మంగాదేవి కంచం లాక్కుని, కుర్మయ్య ముందు నేల మీద చతికిలబడి, గబగబా కలిపి ముద్ద ఎత్తింది.

"నోరు తెరవండి అన్నయ్యగారూ" అంది.

కుర్మయ్య ఒకసారి భార్య వైపు చూశాడు. తర్వాత బుద్ధిగా నోరు తెరిచాడు.