ప్రింటర్లో గుంట నీళ్లు

విడవలూరు రొయ్యల ల్యాబుకి రాగానే నవోమి మొదట దండెం కట్టి, క్లిప్పులు సర్దుతుంది. రొయ్యల గుంట నీళ్ల రిపోర్టు ప్రింటర్లోంచి ఎప్పుడూ తడిగానే వస్తుంది మరి. ఏ గుంట రిపోర్టయితే ఆ గుంట చెమ్మ. ఆమె దాన్ని ఆరేస్తుంది. రైతులు వచ్చి, కాగితం మూల నాలుకకు తాకించి ఉప్పు చూసుకుని, ఆ తర్వాతే అంకెలు చదువుకుంటారు.

ల్యాబులో ఎన్ని కంప్యూటర్లున్నా ప్రింటర్ వైరు మాత్రం నవోమి కంప్యూటర్‌కే ఉంది. ఎవరు ఏం పంపినా ఆమె దగ్గర ఆగి, ఆమె నొక్కితేనే బయటికొస్తుంది. ఆ నొక్కుడే ఆమెకు కూడు పెడుతోంది. చుట్టూ గుంటలు తవ్వాక ఆమె చేను ఉప్పు తేలింది, బోరు నీళ్లు నోట పెట్టుకోలేనట్టయ్యాయి. చేను చెడగొట్టిన గుంటలకే చాకిరీ చేయాల్సి వచ్చిందని ఆమెకు ఒకటే కడుపుమంట.

ఓనరు మస్తానయ్య నెల్లూరు నుంచి పెంచలకృష్ణ అనే కంప్యూటర్ మెకానిక్‌ని పిలిపించాడు.

"మధ్యలో ఈ కంప్యూటర్ ఎందుకన్నా? ప్రింటర్‌ని నెట్‌వర్క్‌లో పెట్టేస్తా. ఎవరి దగ్గర్నుంచి వాళ్లు డైరెక్టుగా కొట్టుకోవచ్చు," అన్నాడతను.

మస్తానయ్య గోడకేసి చూస్తూ చెప్పాడు. "ఒకటో తేదీ నుంచి నువ్వు రానక్కర్లేదులే నవోమీ."

తడి సంగతి పెంచలకృష్ణకి ఎవరూ చెప్పలేదు. బయట ఎండ కాస్తోందని ఎవరైనా పనిగట్టుకుని చెప్తారా? అతను ప్రింటర్‌ని రూటర్‌కి కలిపి, దానికో నంబరిచ్చి, కంప్యూటర్లన్నిటిలో ఆ నంబరు ఎక్కించాడు. మంచివాడు, నవోమి ఫోన్లోనూ పెట్టాడు.

"పోయేలోపు నీకేమన్నా కావాలంటే కొట్టుకో అక్కా."

మొదటి ప్రింటు రైతు పోలేరయ్య గుంటది. కాగితం వెంట బుడబుడా నీళ్లొచ్చాయి. ట్రే నిండి, బల్ల మీంచి కారి, గుమ్మం దగ్గర చెప్పులు తేలాయి. వెనకాలే రొయ్యలు ఎగురుతూ వచ్చాయి.

"నా గుంట తోడేస్తా ఉండారే! ఆపండయ్యా!" పోలేరయ్య పంచె ఎగగట్టి రొయ్యల్ని బక్కెట్లోకి ఏరుకున్నాడు.

"డైరెక్టు కదన్నా," అన్నాడు పెంచలకృష్ణ, ప్రింటర్ ఆపేసి, దండెం మీది తడి కాగితాలు ముట్టుకుని చూసి. "అక్క కంప్యూటర్ దగ్గర నీళ్లు ఆగిపోయి ఇన్నాళ్లూ చెమ్మే వచ్చింది."

నవోమి ఆ మాట విని ఫోన్ తీసింది. చేను చెడకముందు, నాట్లనాడు కాలవ నీళ్లు నిండిన చేలో తీసిన ఫోటో ఒకటి అందులో ఉంది. ప్రింటర్ వేసి, ఫోటో పంపింది. వచ్చిన నీళ్లు దోసిలి పట్టి తాగింది. తియ్యటి కాలవ నీళ్లు. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఈ ప్రింటర్ నాకిచ్చెయ్యన్నా."

"తీసకపో తల్లీ. ముందు నా ఆఫీసు ఆరనీ," అన్నాడు మస్తానయ్య.

ఆటోలో ప్రింటర్‌ని ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. పాత మోటారు షెడ్డులో కరెంటు ఉంది. పెంచలకృష్ణ వెంటవచ్చి, ప్రింటర్‌ని ఆమె ఫోన్‌కి కలిపి పోయాడు. చేలో ఉప్పంతా కడిగేదాకా ఆ ఫోటోనే మళ్లీ మళ్లీ కొట్టింది. తర్వాత నారు తెప్పించింది.

ఆమె బురదలో ఉండగా మస్తానయ్య ఫోన్ చేశాడు. "కొత్త ప్రింటరూ కారతా ఉండాది నవోమీ. నువ్వు మధ్యలో ఉంటేనే ఆగేటట్టుంది. జీతం పెంచుతాలే, రేపొచ్చెయ్."

"నాట్లు పడతా ఉండాయన్నా," అంది నవోమి. "నాకు తీరదు."