ఉప్పుకు పోయిన పిల్ల

తప్పులుంటే మన్నించండి. యాభై ఏళ్లకు దగ్గర పడ్డాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న చెయ్యి ఇది. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడుతుంది. ఒక్క పేజీకి పూటంతా పడుతుంది. అయినా ఈ సంగతి ఇంకొకరి చేత రాయించడం ఇష్టం లేక నేనే రాస్తున్నాను.

పందొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం వేసవిలో, తోటపల్లి గూడూరుకు తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న పల్లెకు డేరా సినిమా వచ్చింది. మైకు కట్టిన ఎద్దుల బండి గులాబీ రంగు కాగితాలు విసురుకుంటూ రెండు రోజులు తిరిగింది. గుండె ధైర్యం లేనివాళ్లు రావద్దన్నారు. ఇది నిజంగా జరిగిన కథ, ఒక్క మనిషి అయిదుగురు ఆడవాళ్లను పొట్టన పెట్టుకున్న కథ అన్నారు.

ఆ మనిషి ఎవరో ఆ పల్లెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆరేళ్ల కిందట గాజుల మలారం భుజాన వేసుకుని తీరం వెంట తిరిగినవాడు. ఒంటరిగా దొరికిన ఆడవాళ్లను సరుగుడు తోపుల్లో చంపి ఒంటి మీది నగలు ఒలుచుకునేవాడు. దొరికాడు, ఉరి తీశారు. వాడి చేతిలో ఆఖరున పోయింది మస్తానమ్మ కూతురు అంకాలు. పదహారేళ్ల పిల్ల. ఒంటి మీద ఉన్నదల్లా ముక్కుపుడక.

సినిమాకు పోవద్దని మస్తానమ్మకు మొగుడు పోలేరయ్య చెప్పి చూశాడు. మానిన పుండు గోక్కోవడం దేనికన్నాడు. ఆమె వినలేదు. ఆమె భయం ఆమెది. పల్లెలో ఎవరికీ తెలియనిది ఆ సినిమా వాళ్లకు తెలిసిపోయిందేమోనని రెండు రోజులుగా అన్నం సయించలేదు.

అంకాలు పోయిన రోజు పడవలు కవళ్ల చేపలతో నిండి వచ్చాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో చేపల కుప్ప, ఇంట్లో చూస్తే చారెడు ఉప్పు. కవళ్లకు ఆ పూటే ఉప్పు పట్టించాలి, లేకుంటే సాయంత్రానికి పాడవుతాయి. ఉప్పు మడులు తోపుకు అవతల ఉన్నాయి. అప్పటికే పక్క ఊళ్లలో ఆడవాళ్లు కనపడకుండా పోతున్నారని వదంతి. అంకాలు బుట్ట చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నాయన వచ్చినాక పోతాను, ఒక్కదాన్నే భయంగా ఉందని అంది. మస్తానమ్మ చేతిలో కత్తి ఆపకుండా, పని ఎగ్గొట్టడానికి నీకు భయమొకటి దొరికిందా, పో అని కసిరింది.

పిల్ల పోయింది. పొద్దు వాలినా రాలేదు. వెతకడానికి జనం పోగై ఎక్కడికి పోయిందని అడిగితే, చెప్పకుండా పోయిందని మస్తానమ్మ నోటికి వచ్చేసింది. ఒకసారి అన్నాక పోలీసులకూ అదే చెప్పింది, కోర్టులోనూ అదే చెప్పింది. ఆ తరువాత ఆమె ఒక్క చేపకు ఉప్పు పట్టించలేదు. ఎంత చవకైనా పచ్చివే అమ్ముకునేది.

మొదటి ఆట దీపాలవేళకు మొదలైంది. నేల టిక్కెట్టులో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, నడుమ గోనెపట్టాల తెర. పోలేరయ్య తెరకు అవతల కూర్చున్నాడు. మస్తానమ్మ మిగతా వాళ్లలాగే ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చుంది. హంతకుడి నీడ పడినప్పుడల్లా ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని కేకలు వేశారు, వెంటనే నవ్వుకున్నారు.

సినిమాలో ఆఖరు పిల్ల వచ్చింది. తెల్లగా, పౌడరు పూసుకుని, జడనిండా పూలతో. ఇంట్లో చెప్పకుండా దొడ్డిదారిన బయటపడింది. తోపులో గాజులవాడి ముందు చేతులు చాపి, ఇంకా వెయ్యి, ఇంకా వెయ్యి అని కులికింది. వాడి చెయ్యి ఆమె మెడ మీదికి పోతుండగా రీలు అయిపోయింది. అక్కడ ఉన్నది ఒక్కటే మిషను. రీలు మార్చేదాకా లైట్లు వేస్తారు.

లైట్లు వెలిగాయి. ముందు వరసలో ఉన్న నాగులమ్మ, ఆ ఏడే కాపురానికి వచ్చిన కోడలు, పక్కదానితో అంది: "చూడు మే, గాజులకు ఆశపడి పోయిందంట. అట్టాంటి దానికి అట్టే అవతాది."

వెనక ఎవరున్నారో ఆ పిల్లకు తెలియదు. తెలిసినవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

మస్తానమ్మ లేచి నిలబడింది. మురుకుల బుట్టతో వస్తున్న మనిషి ఆగిపోయాడు.

"నా బిడ్డ గాజులకు పోలా," అంది. గొంతు పెద్దది చేయలేదు. "ఉప్పుకు పోయింది. భయంగా ఉందిమా అనింది. నేనే కసిరి పంపించినా. చెప్పకుండా పోయిందని కోర్టులో అబద్ధమాడినా. ఆ అబద్ధం పట్టుకునే వీళ్లు ఇట్టా చేసినారు. తప్పు నాది, దానిది కాదు."

మిషను దగ్గరున్న అబ్రహాము కొత్త రీలు చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. ఆమె డేరా దాటి బయటికి పోయేదాకా లైటు ఆర్పలేదు.

బయట ఇసుకలో పోలేరయ్య ఆమెను కలుసుకున్నాడు. కొడతాడనే అనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. అతను చాలాదూరం పక్కనే నడిచి, పడవల దగ్గర ఆగాడు.

"తోపులో పిల్లను ముందు చూసింది నేనే గదా," అన్నాడు. "పక్కన బుట్ట ఉండాది, ఉప్పంతా ఒలికిపోయి. నువ్వేమో చెప్పకుండా పోయిందంటివి. నీ మాట నిలబడాలని బుట్ట తీసుకపోయి కాలవలో ఏసినా."

"నీకు తెలిసి కూడా ఆరేళ్లు అడగలేదే."

"అడిగితే నువ్వు బతకవనుకున్నా. ఇద్దరం కలిసి తప్పు ఆ బిడ్డ మీదేసినాం, మస్తానా."

ఇద్దరూ పడవ పక్కన కూలబడి, ఆరేళ్లుగా వేరువేరుగా ఏడ్చింది ఆ రోజు కలిసి ఏడ్చారు.

సినిమా ఇంకో నాలుగు రోజులు ఆడింది. తెర మీది పిల్ల గాజులకు చేతులు చాపినప్పుడల్లా నేల టిక్కెట్టు ఆడవాళ్లు, పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు వినపడేటట్టు, అది అబద్ధం, ఆ పిల్ల ఉప్పుకు పోయింది అని చెప్పేవాళ్లు. నాగులమ్మ నాలుగు రోజులూ పోయి కూర్చుని చెప్పింది. అయిదో రోజు పొద్దున ఒక బుట్ట ఉప్పు మోసుకుపోయి మస్తానమ్మ గుమ్మంలో దించింది. మస్తానమ్మ ఆమె మొహం వంక చూసి, లోపలికి పిలిచి, కత్తి ఒకటి చేతికిచ్చింది. ఆ పూట ఇద్దరూ కూర్చుని కవళ్లకు ఉప్పు పట్టించారు.

నాగులమ్మ,
వయసు అరవై రెండు,
ఇప్పుడు కావలిలో చిన్నకూతురి ఇంట్లో ఉంటున్నాను.